అమెరికా కంప్యూటర్‌ను హైదరాబాద్ కరెంటుకు కలిపే ముందు

అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి నుంచి సామాను సర్దుకుని హైదరాబాద్ వచ్చేసే బంధుమిత్రులు నన్ను ముందుగా అడిగేది ప్లగ్గు గురించే. కానీ విమానాశ్రయంలో కొన్న ట్రావెల్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప ఒక్క వోల్టు కూడా తగ్గించదు. కాబట్టి ప్లగ్గు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్రతి వస్తువునూ తిరగేసి, దాని మీది లేబుల్ చదవాలి.

ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు మధ్యలో ఉండే నల్లటి పెట్టెను వెలుతురులో పట్టుకుని చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అన్న మాట పక్కన 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే దానికి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు, ఫోన్ ఛార్జర్లు దాదాపు అన్నీ, మానిటర్లలో చాలా భాగం ఇలాంటివే. వీటికి అడాప్టర్ తగిలించడం కన్నా పవర్ కేబుల్‌నే మార్చడం మేలని నా అభిప్రాయం. పెట్టెలోకి దూరే కొస అమెరికాలోనూ ఇక్కడా ఒకటే కనుక, పాత కేబుల్ చేత పట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే, అదే కొస ఉండి రెండో వైపు మన మూడు గుండ్రటి పిన్నులున్న కేబుల్ దొరుకుతుంది. మూడో పిన్ను ఎర్తింగ్ కోసం. అది లేని రెండు పిన్నుల అడాప్టర్‌తో ఛార్జింగ్ పెట్టినప్పుడు, లోహపు ల్యాప్‌టాప్ మీద చేయి ఆనిస్తే సన్నగా జివ్వుమనడం చాలామందికి అనుభవమే.

డెస్క్‌టాప్ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పాత క్యాబినెట్ల వెనుక, కేబుల్ గుచ్చే చోట చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. దాని మీద 115 అనో, 230 అనో కనిపిస్తుంది. మా మేనల్లుడు తెచ్చుకున్న క్యాబినెట్‌కు ఆ స్విచ్ 115 దగ్గరే ఉండిపోయింది. బోర్డు స్విచ్ వేయగానే ఠప్పుమని పేలి, కాలిన వాసన గది నిండా వ్యాపించింది. 115 దగ్గర ఉన్నప్పుడు ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లో కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, తనకందిన వోల్టేజీని లోపల రెట్టింపు చేసుకుంటుంది. మన 230 వోల్టులను అలా రెట్టించినప్పుడు దాదాపు 650 వోల్టుల డీసీ తయారై కెపాసిటర్లు, ఫ్యూజు పోతాయి. మదర్‌బోర్డు, హార్డ్ డిస్క్ దక్కాయి, అదే మాకు ఊరట. కేబుల్ పూర్తిగా తీసేసిన తర్వాతే ఆ స్విచ్‌ను స్క్రూడ్రైవర్ కొసతో 230కి జరపాలి. స్విచ్ లేకపోతే అదంతట అదే సర్దుకుంటుందని అనుకోకుండా, ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చూడాలి.

లేజర్ ప్రింటర్‌ను మాత్రం అక్కడే అమ్మేసి రమ్మంటాను. టోనర్‌ను కాగితానికి అతికించే హీటర్ ఒకే వోల్టేజీకి తయారవుతుంది కాబట్టి, లేబుల్ మీద సాధారణంగా 120 వోల్టులనే ఉంటుంది. తప్పనిసరిగా వాడాలంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. లేబుల్‌లోని ఆంపియర్లను 120తో హెచ్చవేసి, వచ్చిన దానికి మరో సగం కలుపుకోవాలి: 8 ఆంపియర్ల ప్రింటర్‌కు 960 వస్తుంది కనుక 1500 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంత కరెంటు లాగే ట్రాన్స్‌ఫార్మర్‌ను 16 ఆంపియర్ల పాయింటుకే కలపాలి, పని లేనప్పుడు ఆపేయాలి. అది 50 హెర్ట్జ్‌ను 60గా మార్చదు గానీ, ఎస్‌ఎంపీఎస్‌తో నడిచే పరికరాలకు ఆ తేడాతో ఇబ్బంది లేదు. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ కన్వర్టర్లను కంప్యూటర్ దరిదాపులకు రానివ్వకండి.

అమెరికా యూపీఎస్, వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ ఇక్కడ పనికిరావు. సర్జ్ ప్రొటెక్టర్‌కు మన మామూలు 230 వోల్టులే పెద్ద ఉప్పెన. అడ్డుకోబోయి లోపలి భాగాలే కాలిపోతాయి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను కూడా దానికి గుచ్చవద్దు. రెండూ ఇక్కడే కొనుక్కోవడం మంచిది.

ఇక 120 వోల్టులని మాత్రమే రాసి ఉన్న రౌటర్ అడాప్టర్ల వంటి చిన్నవాటికి ట్రాన్స్‌ఫార్మర్ దండగ. కోఠి గుజరాతీ గల్లీలో అదే అవుట్‌పుట్ వోల్టేజీ ఉన్న అడాప్టర్ తీసుకోవచ్చు. ఆంపియర్లు పాతదానితో సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి, పిన్ను మధ్యభాగం ప్లస్సో మైనస్సో తెలిపే గుర్తు రెండింటి మీదా ఒకేలా ఉండాలి.