చలికాలం పొద్దున చెట్టును ఫొటో తీయడం ఎలా?

మన దగ్గర మంచు కురవదు కదా, చలికాలపు ఫొటోలు ఎక్కడివి అనుకోవద్దు. వరంగల్ చుట్టుపక్కల డిసెంబరు, జనవరి నెలల్లో చెరువుల మీద, తడి పొలాల మీద పొగమంచు పడుతుంది. కరెంటు తీగలు, ఇండ్లు, హోర్డింగులు దాని చాటుకు పోయి చెట్టు ఒక్కటే నిలుస్తుంది. ఏ లెన్సూ ఇయ్యలేని వరం ఇది.

చెట్టును ముందురోజు సాయంత్రమే చూసి పెట్టుకోండి. నా ఓటు ఆకు రాల్చిన బూరుగకే. దాని కొమ్మలు అంతస్తులుగా అడ్డంగా సాగుతాయి. ఆకులుంటే ఆ అందం దాగిపోతుంది. పాకాల చెరువు వైపు అడవిలో మోడువారిన టేకు చెట్లు దొరుకుతాయి. అంత దూరం పోలేకుంటే యాసంగి నాట్లకు నీళ్లు పెట్టిన మడి, దాని గట్టున తాటిచెట్లు చాలు. నీళ్లలో వాటి నీడ కూడా మీదే. గట్టు మీదే నడవండి, నారుమడి తొక్కొద్దు.

జనవరిలో ఇక్కడ దాదాపు 6.45కు పొద్దు పొడుస్తుంది, అదీ నేరుగా తూర్పున కాదు, ఆగ్నేయం వైపు జరిగి. దాన్ని లెక్కలోకి తీసుకుని, సూర్యుడు చెట్టు వెనక వచ్చేలా నిలబడాలి. అరగంట ముందే చేరుకోండి.

ఇక అసలు చిక్కు వెలుతురుతో. తెల్లటి పొగమంచును కెమెరా బూడిదరంగుకు దించేస్తుంది. ఫొటో వెలుతురును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచండి. ఫోన్‌లో అయితే చెట్టు మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి. పొద్దు పొడిచాక చెట్టు నల్లని ఆకారంగా రావాలంటే ఇదంతా తిరగబడుతుంది: ఆకాశం మీద వేలు పెట్టి వెలుతురు తగ్గించాలి.

రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, డేలైట్‌లో ఉంచండి. లేకుంటే తెల్లవారుజాము నీలం, ఆ వెంటనే వచ్చే బంగారు రంగు రెండూ చప్పబడతాయి. పొగమంచులో ఫోకస్ తడబడుతుంది, మాను అంచు మీద పట్టండి. లెన్స్ మీద తేమ చేరుతుంది, మెత్తటి బట్ట జేబులో ఉండాలి.

ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో డీహేజ్ జోలికి పోవద్దు. మీరు చలిలో లేచి పట్టుకొచ్చిన పొగమంచును అది తుడిచేస్తుంది.