డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే పట్టాల గుండా డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) మోడల్ రైలు ట్రాక్‌లో షార్ట్ వెతికే ముందు జాగ్రత్తలు

– ముందు బూస్టర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పరికరం) పవర్ ఆపండి. ట్రిప్ అయిన ప్రతిసారీ రీసెట్ చేస్తూ పోకండి. పట్టాల మీద ఉండేది 15 వోల్టుల దాకానే కదా అనిపిస్తుంది, కానీ 5 ఆంపియర్ల బూస్టర్ ఒక్క చక్రం గుండా కరెంటు తోస్తే ఇంజన్ కింది ప్లాస్టిక్ మెత్తబడి వంగిపోతుంది. అలా వంగిన బోగీ ఫ్రేమ్ నేను చూశాను, మళ్లీ పనికి రాలేదు.

– ఇంజన్లు, లైట్లున్న పెట్టెలు అన్నీ పట్టాల మీంచి తీసేయండి. బూస్టర్ నుంచి వచ్చే రెండు వైర్లూ విప్పండి. లేకపోతే మల్టీమీటర్ తప్పు రీడింగ్ చూపిస్తుంది.

– ఉంగరం, వాచీ, బ్రేస్‌లెట్ పక్కన పెట్టండి.

– పట్టాల మధ్య టార్చ్ వేసి చూడండి. మేకు, స్క్రూ, వైరు ముక్క ఏదైనా ఉండొచ్చు. స్టీల్ ఊల్‌తో మాత్రం ఎప్పుడూ తుడవకండి, దాని పోగులే షార్ట్ చేస్తాయి.

– రివర్స్ లూప్ (ట్రాక్ తిరిగి తనలోనే కలిసే చోటు) దగ్గర, పాయింట్ల (ట్రాక్ రెండుగా చీలే చోటు) దగ్గర ఇన్సులేషన్ గ్యాప్‌లు వేలిగోరుతో తడిమి చూడండి. మన ఎండాకాలంలో పట్టాలు సాగి ఆ గ్యాప్‌లు మూసుకుపోతాయి. ఎక్కువ షార్టులు నాకు ఇక్కడే దొరికాయి.

– పాత డీసీ కంట్రోలర్ అదే ట్రాక్‌కి కలిపి ఉంటే తీసేయండి. రెండూ కలిస్తే బూస్టర్ పాడైపోవచ్చు.

– సరిచేశాక, ఇంజన్ పెట్టకముందే, పవర్ ఇచ్చి ప్రతి సెక్షన్‌లో రెండు పట్టాల మీద ఒక నాణెం అడ్డంగా పెట్టండి. వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే నాణెం తీసేయండి, అక్కడ ఫీడర్ వైరు (పట్టాలకు కరెంటు తెచ్చే వైరు) సన్నగా ఉందో, జాయింట్ వదులైందో చూడండి.