బట్ట మీద నీలి అచ్చులు: ఎక్కడ చెడుతుంది, ఎందుకు, ఏం చేయాలి

ఇనుప లవణాల ద్రావణం పూసి ఎండలో పెట్టి, నీళ్లలో కడిగి నీలి బొమ్మ తీసే అచ్చు పద్ధతే సయనోటైప్. ఇందులో నీలం పుట్టించేది ఎండ. 1842లో జాన్ హెర్షెల్ ఈ పద్ధతి కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ దీంతో సముద్రపు నాచుల అచ్చులు తీసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటి మేడ మీదే దిండు గలీబులు, సంచులు, స్టోల్స్ మీద ఆకులూ ఫొటోలూ అచ్చువేసి అమ్ముతున్నవాళ్లకు పనిలో ఎదురయ్యే చిక్కులు ఇక్కడ రాస్తున్నాం.

ముందు కొలతలు. ఒకటో సీసాలో 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ (ఆకుపచ్చ రకం). రెండో సీసాలో మరో 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్. రెండూ గోధుమ రంగు సీసాల్లో విడివిడిగా ఉంటే నెలల తరబడి ఆగుతాయి. వాడేరోజు సమానంగా కలపాలి, కలిపింది ఆరోజే వాడేయాలి. ముంచి పిండిన నూలు బట్ట దాదాపు తన బరువంత ద్రావణం పట్టుకుంటుంది. అంటే 120 గ్రాముల ముక్కకు సుమారు 120 మిల్లీలీటర్లు. బ్రష్‌తో పూస్తే ఇంతకన్నా తక్కువే పడుతుంది.

అచ్చు పాడైతే చాలామంది ముందు ఎండను తిడతారు. చాలాసార్లు తప్పు ఎండది కాదు, బట్టదో నీళ్లదో. అందుకే ఈ వరసలో ఆ రెండే ముందున్నాయి.

కడుగుతుంటే నీలమంతా నీళ్లలో పోతోంది

రెండు కారణాలుంటాయి. ఎలా పోతుందో చూస్తే ఏదో తెలిసిపోతుంది.

మొదటి నీళ్లలోనే నీలం మబ్బులా వదిలి, బట్ట మీద లేత నీడ మాత్రమే మిగిలితే ఎండ చాలలేదు. కాగితం కన్నా బట్టకు ఎక్కువసేపు పడుతుంది. వేసవి మధ్యాహ్నం నూలు బట్టకు 12 నుంచి 20 నిమిషాలతో మొదలుపెట్టండి, మబ్బు పట్టిన రోజు రెట్టింపు. గడియారం కన్నా రంగును నమ్మండి. పూసినప్పుడు పసుపు కలిసిన పచ్చగా ఉన్న బట్ట ముందు నీలిపచ్చగా మారుతుంది, తర్వాత ముదురుతుంది, చివరికి బూడిద రంగులో కంచు మెరుపుతో వెనక్కి తిరుగుతుంది. ఆ బూడిద దశ వచ్చాకే తీయాలి. కొత్త బట్ట, కొత్త నెగెటివ్ (వెలుగునీడలు తారుమారు చేసి పారదర్శక షీటు మీద తీసిన ఫొటో) వాడే ప్రతిసారీ ఒక పీలిక మీద అట్టముక్క జరుపుతూ నాలుగేసి నిమిషాల మెట్లు వేసి చూడండి.

కడుగుతున్నప్పుడు బాగానే ఉండి, నానబెట్టి గంటకు వచ్చి చూస్తే వెలిసిపోయిందా? అయితే నీళ్లలో క్షారం ఉంది. ఈ నీలం పేరు ప్రష్యన్ బ్లూ, దానికి క్షారం పడదు. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు క్షారంగానే ఉంటాయి. ఆర్వో యంత్రం వదిలే నీళ్లను బట్టలకని బకెట్లో పట్టుకునే ఇళ్లున్నాయి. వాటిలో లవణాలూ క్షారమూ ఇంకా చిక్కగా ఉంటాయి కాబట్టి ఈ పనికి అసలు వద్దు. కాచినా లాభం లేదు. అచ్చు పడ్డ చిన్న పీలికను మీ నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దునకు పాలిపోతే నీళ్లదే తప్పు.

మొదటి నీళ్లలో లీటరుకు పావు చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. ఐదు నిమిషాలు మెల్లగా ఆడించి, తర్వాతి రెండు నీళ్లలో చిటికెడు చొప్పున వేయండి. మేడ మీద పట్టిన వాన నీళ్లుంటే వాటికి మించినవి లేవు.

ఒక జాగ్రత్త. ఈ పని చాలా ఇళ్లలో బాత్రూంలోనే జరుగుతుంది. టాయిలెట్ కడిగే యాసిడ్ లాంటి గాఢమైన ఆమ్లం ఫెర్రిసయనైడ్‌కు తగిలితే విషవాయువు పుట్టగలదు. పొడిని కాల్చినా, విపరీతంగా వేడి చేసినా అంతే. నిమ్మ ఉప్పు, వెనిగర్ పలచగా వాడితే భయం లేదు. యాసిడ్ సీసాను ముందే ఆ గదిలోంచి తీసేయండి. చేతికి తొడుగులు, వంటకు మళ్లీ వాడని గిన్నెలు తప్పనిసరి.

బట్ట ద్రావణం పీల్చుకోవడం లేదు, మచ్చలు మచ్చలుగా పడుతోంది

బట్ట మీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోవాలి. పూసలా నిలబడితే గంజో, మిల్లు పూతో, నూలులో పుట్టుకతో ఉండే మైనమో ఇంకా ఉందన్నమాట. కోరా గుడ్డకు, కొత్త గాడా గుడ్డకు ఇది మామూలే.

మీటరు బట్టకు మూడు లీటర్ల నీళ్లు, ఒక పెద్ద చెంచా చాకలి సోడా, రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి అరగంట ఉడికించండి. నీళ్లు టీ రంగుకు మారతాయి. తర్వాత నాలుగు నీళ్లలో జాడించి, ఆఖరి జాడింపులో ఒక చెంచా వెనిగర్ వేయండి. ఈ ఆఖరి జాడింపును వదిలేయొద్దు. బట్టను శుభ్రం చేసిన సోడాయే పోగుల్లో మిగిలితే రేపు నీలాన్ని తినేస్తుంది. అచ్చులో అక్కడక్కడా పసుపు మరకలు కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

ఇలా ఉడికిస్తే బట్ట ముడుచుకోవడం కూడా ముందే అయిపోతుంది. ఉడికించకుండా 16 అంగుళాల గలీబు కుట్టి అమ్మితే కొన్నవాళ్లు ఉతికాక దిండు పట్టదు.

పాలియెస్టర్ కలిసిన బట్టకు ఏ వైద్యమూ లేదు, రంగు నిలవదు. అంచున ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. మంగళగిరి నూలు, పొందూరు ఖద్దరు, మల్‌మల్ మూడూ ఈ పనికి చక్కగా పనికొస్తాయి. జరీ అంచు ఉంటే ద్రావణం లోహానికి తగలకుండా ఆ మేర వదిలి పూయండి.

పూసిన వెంటనే, ఎండ తగలకముందే బట్ట నల్లబడింది

కలంకారీ కోసం సిద్ధం చేసిన బట్టను దీనికీ వాడితే జరిగేది ఇదే. ఆ బట్టకు కరక్కాయ పట్టించి ఉంటుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. కలంకారీలో ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లతో గీసిన గీత నల్లగా తేలడం వెనక ఉన్నది ఈ గుణమే. అక్కడ కావలసింది ఇక్కడ చెరుపు. కరక్కాయ పట్టిన బట్టను ఉతికి వాడదామని చూడకండి, వేరే బట్ట తీసుకోండి.

తెల్లగా ఉండాల్సిన చోటు నీలంగా వచ్చింది

చీకట్లో ఆరలేదు, లేదా సగం తడిగానే ఎండలో పెట్టారు. వానాకాలంలో, కోస్తా తేమలో ఇది ఎక్కువ. ఫ్యాను కింద చీకటి గదిలో పూర్తిగా ఆరాలి. తొందరపడి హెయిర్ డ్రయర్ వేడిగాలి పెడితే ఆ వేడికే నీలం తిరుగుతుంది, చల్లగాలి పెట్టండి. గదిలో పసుపు బల్బు చాలు. పూసిన బట్టను రోజుల తరబడి దాచొద్దు. సాయంత్రం పూసి మర్నాడు మధ్యాహ్నానికల్లా వాడేయండి.

వారం తర్వాత తెల్లని చోట నీలి ఛాయ వస్తే కడగడం చాలలేదు. మడతల్లో, కుట్ల దగ్గర మిగిలిన పసుపు ద్రావణానికి తర్వాత వెలుతురు తగిలింది. జాడించిన నీళ్లలో పసుపు పూర్తిగా పోయేదాకా కడగాలి. అందుకే కుట్టాక అచ్చు వేయడం కన్నా అచ్చు వేశాక కుట్టడం మంచిది.

ఆకు అంచులు అలికినట్టు వచ్చాయి

ఆకు బట్టకు అంటుకోలేదు, లేదా ఎండ ఏటవాలుగా పడింది. పొద్దున తొమ్మిదికి పెడితే వెలుతురు ఆకు కిందికి దూరుతుంది. పదకొండు నుంచి రెండు మధ్య పెట్టండి. కింద అట్ట, దాని మీద పలచటి ఫోమ్, ఆపైన బట్ట, ఆకు, అన్నిటికన్నా పైన 4 లేదా 5 మిల్లీమీటర్ల మామూలు తెల్ల గాజు పెట్టి నాలుగు వైపులా క్లిప్పులు బిగించండి. రంగు గాజు పనికిరాదు. అతినీలలోహిత కాంతిని ఆపే యాక్రిలిక్ షీటు కూడా వద్దు.

పచ్చి ఆకు ఎండకు చెమర్చి గాజు లోపల ఆవిరి పడుతుంది. ఆ తడి చుట్టూ నీలం చెదిరిపోతుంది. ఆకును ఒక రాత్రి పుస్తకంలో నొక్కి ఉంచితే చాలు. మునగ రెమ్మ, చింత రెమ్మ, ఫెర్న్ పలచగా ఉండి బాగా వస్తాయి.

ఫొటోలో ముఖం నల్లటి ముద్దలా వచ్చింది

ఈ పద్ధతి పట్టుకోగల వెలుగునీడల మెట్లు తక్కువ. చామనఛాయ ముఖం మధ్య మెట్టులో పడుతుంది, ఆ మధ్య ఛాయలన్నీ ఒకేలా మూసుకుపోతాయి. ఫొటోను నలుపు తెలుపు చేసి, మధ్య ఛాయల్ని తెరమీద పాలిపోయినట్టు కనిపించేదాకా తేల్చండి. ఆ తర్వాతే తిరగేసి నెగెటివ్ చేయండి. ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద ఇంక్‌జెట్‌తో అచ్చు తీయాలి. లేజర్ నలుపులోంచి వెలుతురు కారుతుంది. లేజర్ తప్ప వేరేది దొరక్కపోతే రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చండి. అక్షరాలు, ముఖాలు ఎడమ కుడి తారుమారు కాకుండా, సిరా ఉన్న వైపు బట్టకు ఆనేలా చూసుకోండి.

కొనేవాళ్లు పంపే ఫొటో వాట్సాప్‌లో నలిగి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. బట్ట నేత అంగుళానికి 150 చుక్కల కన్నా సూక్ష్మంగా చూపించలేదు. 8 బై 10 అంగుళాల అచ్చుకు 1200 బై 1500 పిక్సెల్స్ సరిపోతాయి.

ద్రావణంలో బూజు తేలింది

ఒకటో సీసాలోని సిట్రేట్ బూజుకు తిండి. కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి వాడుకోవచ్చు, పారబోయక్కర్లేదు.

నీలం చేతికి, తెల్ల చొక్కాకు అంటుతోంది

పోగుల్లోకి దిగని రంగు పైనే కూర్చుంది. చిక్కగా రెండు పూతలు వేసినప్పుడు ఇలా అవుతుంది. ఒకే పూత వేయండి, మిగులు ద్రావణం పిండేయండి. అమ్మే ముందు పొడి తెల్ల చేతిరుమాలుతో పదిసార్లు రుద్ది చూడండి, తర్వాత తడి రుమాలుతో. తడి రుమాలుకు నీలం అంటితే నిమ్మ ఉప్పు నీళ్లలో ఇంకోసారి జాడించి, ఒక రోజు గాలికి ఆరనివ్వండి. అలా ఆరుతుంటే నీలం తనంతట తనే ముదురుతుంది కూడా. అప్పటికప్పుడు ముదురు కావాలంటే ఆఖరి నీళ్లలో లీటరుకు ఒక పెద్ద చెంచా మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయొచ్చు. చివరికి రెండు దారుల్లో వచ్చేది ఒకే నీలం.

కొన్నవాళ్లు ఉతికితే పసుపు పచ్చగా మారింది

సబ్బు బిళ్ల, వాషింగ్ పౌడర్, వంట సోడా అన్నీ క్షారాలే. బ్లీచ్ సంగతి చెప్పక్కర్లేదు. పోయిన నీలం మళ్లీ రాదు. కానీ ఆ పసుపు ఇనుమే, బట్టలోనే ఉంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపి, వడకట్టి, బట్టను గంటా రెండు గంటలు ఉంచండి. బొమ్మ మళ్లీ గోధుమ నలుపులో తేలుతుంది. తెల్ల నేల మాత్రం కొంచెం మీగడ రంగుకు తిరుగుతుంది. పైన చెరుపు అన్న గుణమే ఇక్కడ అక్కరకొస్తుంది. కొన్నవాళ్లకు ఈ మార్పు ముందే చెప్పి, వాళ్లు సరేనంటేనే చేయండి.

కిటికీ దగ్గర నెలల తరబడి వేలాడి వెలిసినదైతే సంగతి వేరు. చీకటి బీరువాలో రెండు రోజులు ఉంచితే చాలావరకు నీలం తిరిగొస్తుంది.

ప్రతి ముక్కతో ఈ చీటీ పెట్టండి: "విడిగా, చల్లటి నీళ్లలో ఉతకండి. కుంకుడు రసం గానీ పిల్లల షాంపూ గానీ వాడండి. సబ్బు, పౌడర్, సోడా, బ్లీచ్ వద్దు. నీడలో ఆరేయండి. పైన గుడ్డ కప్పి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి."

"ఫొటోలో ఒక నీలం, వచ్చింది ఇంకో నీలం" అని తిప్పి పంపుతున్నారు

ముదురు నీలం చూడగానే ఫోన్ కెమెరా చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది. నీలం పాలిపోతుంది. పైగా ఒకవైపు కిటికీ, ఇంకోవైపు ట్యూబ్‌లైటు ఉంటే ఊదా ఛాయ కూడా చేరుతుంది. గదిలో దీపాలన్నీ ఆపి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెట్టండి. ఎదుటివైపు తెల్ల అట్ట నిలబెట్టండి. తెరమీద నీలాన్ని తాకి, వెలుగు గీతను కిందికి లాగండి. ఒక మూల తెల్ల కాగితం కనబడేలా ఒక ఫొటో తీసుకుంటే తర్వాత దాన్ని బట్టి రంగు సరిచేయొచ్చు. ఫిల్టర్లు వద్దు.

నేత మీద వంకర చారలు కనిపిస్తే కెమెరాకూ బట్ట పోగులకూ పొసగలేదు. ఒక అడుగు వెనక్కి జరగండి, లేదా ఫోన్‌ను కొంచెం తిప్పండి. గలీబు అంచులు ఉబ్బినట్టు కనిపిస్తే మరీ దగ్గరగా తీశారు. దూరం జరిగి రెండు రెట్ల జూమ్‌లో తీయండి.

అమ్ముడవుతున్నాయి, డబ్బు మిగలడం లేదు

పది గలీబులకు బట్ట, కుట్టు, రసాయనాలు కలిపి 1500 రూపాయలు అయిందనుకోండి. ఒక్కోటి 150 పడిందని లెక్క వేస్తారు. పదిలో మూడు చెడితే అమ్మేది ఏడే. అసలు ఖర్చు ఒక్కోదానికి 214. పైన మీ గంటల కూలి, పొట్లం, కొరియర్. చెడినవి ఎన్నో, ఎందుకు చెడ్డాయో నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి: బట్ట రకం, ఎండ నిమిషాలు, ఏ నీళ్లు. రెండు నెలల లెక్క చూస్తే ధర ఎంత పెట్టాలో, ముందు ఏ తప్పు సరిదిద్దుకోవాలో రెండూ తెలుస్తాయి. వెలిసిపోయిన మూడింటిని మాత్రం పారేయకండి. కరక్కాయలో ముంచి, బాగా వచ్చిన మేర కత్తిరించి, బుక్‌మార్కులుగానో చిన్న జిప్పు సంచులుగానో కుట్టి వేరే ధరకు అమ్మండి.