కీలు కుదిరితేనే చైనా బొమ్మ నడుస్తుంది

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు. మా నాన్న తోలుబొమ్మలాట కోసం మనిషెత్తు రావణుణ్ణి మేకతోలు మీద గీసేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న చేత్తోనే నేను అడుగు ఎత్తు చైనా తోలుబొమ్మలు కూడా చేస్తున్నాను. వాటిని అక్కడ పీయింగ్ అంటారు. 2011లో ఆ కళ యునెస్కో జాబితాలో చేరింది. చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో ఆవుతోలు, టాంగ్‌షాన్ నగరం వైపు గాడిదతోలు వాడతారు. మీకు పల్చటి మేకతోలు చాలు.

వెంట్రుకలు, కొవ్వు లేకుండా గీకి, బిగలాగి నీడన ఆరబెట్టండి. వెనక అరచెయ్యి పెడితే గీతలు మసగ్గా కనబడాలి, అదే గుర్తు. తర్వాత 11 ముక్కలు గీసుకోండి: పక్కచూపు తల, పై మొండెం, కింది మొండెం, రెండు కాళ్లు, ఒక్కో చేతికి మూడేసి ముక్కలు.

మేం ఉలి నిలబెట్టి సుత్తితో కొడతాం. షాన్‌షీ వాళ్లు కత్తిని కదపరు, తోలునే దాని మీదకి నెట్టుకుంటూ తిప్పుతారు. ఒకసారి అలా చేసి చూడండి, వంపు ఎంత నున్నగా వస్తుందో! తోలు కాస్త చెమ్మగా ఉండాలి. లోపలి చిల్లులన్నీ అయ్యాకే చుట్టూ అంచు కోయండి. ముందే కోస్తే పట్టుకోవడానికి చోటుండదు. రంగు రెండు వైపులా వేయాలి.

ఇక కీళ్లు. ముక్కల చివర్లు గుండ్రంగా కోసి ఒకదాని మీద ఒకటి పెడతాం కదా, అక్కడ తోలు రెండు పొరలై నీడ నల్లగా పడుతుంది. అందుకే చైనా వాళ్లు ఆ చోట బండిచక్రం ఆకుల్లా చిల్లులు కోస్తారు, వెలుగు పోవడానికి. మధ్యలో దబ్బనంతో బెజ్జం పెట్టి, దారానికి రెండు పక్కలా ముడెయ్యండి. రెండు ముడుల మధ్య బియ్యపుగింజంత వదులుండాలి. మొండెం పట్టుకుని ఊదితే చెయ్యి ఊగాలి. ఊగలేదంటే మొహమాటపడకుండా విప్పి మళ్లీ కట్టండి. నేను మొదటి బొమ్మకి నాలుగుసార్లు కట్టాను.

తలని మాత్రం కట్టకండి. మెడ దగ్గర పట్టీలా కుట్టి అందులో దోపితే ఒకే ఒంటికి రాజు తలా పెట్టొచ్చు, సేవకుడి తలా పెట్టొచ్చు. ఆట అయ్యాక వాళ్లు తలలు తీసి వేరుగా దాస్తారు. మా నాన్న కూడా రాముణ్ణీ రావణుణ్ణీ ఒకే కట్టలో పెట్టనిచ్చేవాడు కాదు.

మెడకి ఒక పుల్ల, చేతులకి చెరొకటి. తెల్లపంచెని తెరలా బిగించి కట్టి, వెనక పైనుంచి బల్బు వెయ్యండి. బొమ్మ బట్టకి ఆనితేనే గీత తేటగా ఉంటుంది. అంగుళం వెనక్కి లాగారా, అంచులు చెదిరిపోతాయి. దెయ్యం మాయమయ్యే ఘట్టంలో కావాలనే అలా లాగండి.