నాటిక పంపే ముందు ఒకసారి చెవులతో వినండి
నాటిక రాయడం పూర్తవగానే పోటీకి పంపేయకండి. ముందు నలుగురిని కూర్చోబెట్టి, పాత్రలు పంచి, గట్టిగా చదివించండి. మీరు మాత్రం ఏ పాత్రా చదవొద్దు. పెన్సిల్ పట్టుకుని వినండి, చాలు. చదివేవాళ్లు పదే పదే తడబడిన చోట డైలాగు నోరు తిరగడం లేదన్నమాట. కళ్లు మూసుకుని వింటే ఏ మాట ఎవరిదో తెలియట్లేదా? అయితే ఆ పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి. ఎంతో ఇష్టపడి రాసుకున్న పెద్ద సంభాషణల్ని నేను ఇలా విన్నాకే సగానికి తగ్గించగలిగాను.

టైమ్ కూడా చూసుకోండి. పేజీకి నిమిషం అనేది ఉజ్జాయింపు లెక్కే. మౌనాలు, కదలికలు, రంగం మార్పులు కలిస్తే పెరుగుతుంది. 10 నిమిషాల నాటిక అడిగితే చదవడానికే 10 నిమిషాలు పట్టకూడదు.

రంగసూచనల్లో, అంటే వేదిక మీద ఏం జరగాలో చెప్పే వాక్యాల్లో, ‘ఆమెకు చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది’ లాంటివి కొట్టేయండి. ప్రేక్షకులకు కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి.

పంపేటప్పుడు నిబంధనలు చదవండి. రచయిత పేరు లేకుండా స్క్రిప్ట్ అడిగితే, ఫైల్ పేరులోనూ దాని ప్రాపర్టీస్‌లోనూ మీ పేరు మిగిలిపోయిందేమో చూసి తీసేయండి.