గీతో మొదలుపెట్టాలా, నో-గీతోనా? జియు జిత్సులో కొత్తవాళ్లు ఎలా తేల్చుకోవాలి?

జియు జిత్సు అంటే ఎదుటివాణ్ణి పట్టి, కీళ్లు మెలిపెట్టో మెడ బిగించో ఓటమి ఒప్పించే విద్య. మా మ్యాట్ మీదికి కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ అడిగేది ఇదే: "అన్నా, గీ కొనాలా వద్దా?" వీడియోలు చూసి వేలు పోసి గీ కొనేసి, తీరా చేరిన చోట వారమంతా నో-గీయే అని తెలిశాక నాలుక కరుచుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. ముందు డబ్బు జేబులోనే ఉంచండి.

గీ అంటే జూడోవాళ్లు వేసుకునేలాంటి మందపాటి నూలు కోటు, ప్యాంటు, బెల్టు. నో-గీకి ఒంటికి అతుక్కునే రాష్ గార్డ్, షార్ట్స్ చాలు. గీలో ఎదుటివాడి కాలర్, చేతి అంచు, ప్యాంటు పట్టుకోవచ్చు. వాడి కోటుతోనే వాడి మెడ బిగించవచ్చు. నో-గీలో బట్ట పట్టుకోకూడదు. మెడ, మణికట్టు, చంక, నడుము, ఇవే మీ పిడులు. తాలీంలో కుస్తీ పట్టినవాళ్లకు ఇది తొందరగా అంటుకుంటుంది.

1. టైంటేబుల్ చూడండి. మీకు వీలయ్యే వేళల్లో ఏ క్లాసు ఉంటే అదే మీ జవాబు. సగం మందికి ఇక్కడే తేలిపోతుంది.

2. బట్టలు. ట్రయల్‌కి టీషర్టు, జేబులూ జిప్పులూ లేని షార్ట్స్ వేసుకెళ్లండి. జేబులో ఎవరి వేలైనా ఇరుక్కుంటే విరుగుతుంది. గీ కావాలంటే అకాడమీలో అరువు అడగండి. ఇంట్లో ఉన్న కరాటే డ్రెస్ మాత్రం వద్దు, అది పలచన, లాగితే చిరుగుతుంది. గోళ్లు కత్తిరించుకోండి. అంతే.

3. రెండు రకాల ట్రయల్ క్లాసులూ చేయండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. "గీలో ఉక్కపోసింది, నో-గీ బాగుంది" అని ఒక్క రోజులో తీర్పు చెప్పేస్తారు. మొదటి రోజు ఎందులోనైనా ఊపిరాడదు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కనీసం రెండేసి క్లాసులు చేసి, మీ సుఖం సంగతి పక్కన పెట్టి కోచ్‌ని గమనించండి.

ముఖ్యంగా నో-గీ క్లాసులో కాళ్ల పట్లు కొత్తవాళ్లకు ఎలా నేర్పుతున్నారో చూడండి. హీల్ హుక్ అని ఒకటుంది. మీ మడమను మోచేతి మడతలో ఇరికించి తిప్పుతారు. తిప్పేది మడమనే, తెగేది మాత్రం మోకాలి లిగమెంట్. చేతి పట్టయితే నొప్పి ముందే హెచ్చరిస్తుంది, ట్యాప్ చేస్తారు (చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటారు). ఇందులో నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. కంగారులో కొత్తవాడు తప్పు వైపు దొర్లితే తన మోకాలు తానే విరుచుకున్నట్టు. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ పోటీల్లో గీలో ఇది ఎవరికీ లేదు. నో-గీలో కూడా 2021 నుంచి పెద్దల విభాగంలో పై మెట్లైన బ్రౌన్, బ్లాక్ బెల్టులకే అనుమతించారు. మొదటి వారమే వైట్ బెల్టుల (కొత్తవాళ్ల) చేత హీల్ హుక్‌తో రోలింగ్ (పోటీలా తలపడటం) చేయిస్తుంటే మర్యాదగా చెప్పులు వేసుకుని వచ్చేయండి.

గీ క్లాసులో చూడాల్సింది కాలర్ చోక్, అంటే కాలర్ పట్టి మెడ బిగించడం. సరిగ్గా పడితే గొంతు నొప్పి కూడా లేకుండా, మెడ పక్క రక్తనాళాల్లో రక్తం ఆగి కొన్ని క్షణాల్లో స్పృహ పోతుంది. "ఇంకాసేపు ఓర్చుకుందాం" అనుకోకండి. చెయ్యి ఖాళీ లేకపోతే నోటితో "ట్యాప్" అని అరవండి. అలా అరిచినప్పుడు అక్కడివాళ్లు నవ్వారా, వెంటనే వదిలారా? మీకు కావాల్సిన సమాచారం అదే.

4. రెండూ ఉంటే గీతో మొదలుపెట్టండి. వారంలో రెండు గీ, ఒకటి నో-గీ. నా మాటకు కారణం ఉంది. నో-గీలో చెమటకు ఒళ్లు జారుతుంది, బలమున్నవాడు గుంజుకుని బయటపడి అదే టెక్నిక్ అనుకుంటాడు. గీలో చేతి అంచు దొరికిందంటే గుంజుకుంటే రాదు, పట్టు విడిపించడం నేర్చుకోవాల్సిందే. ఆట నెమ్మదిస్తుంది, ఆలోచించడానికి వ్యవధి దొరుకుతుంది. వేళ్లు మాత్రం నొప్పెడతాయి.

"వీధిలో కోటు వేసుకుని ఎవడు కొడతాడు?" అని ఒకడు తప్పకుండా అంటాడు. 1993లో రకరకాల యుద్ధవిద్యలవాళ్లు తలపడిన మొదటి యూఎఫ్‌సీని జియు జిత్సు యోధుడు రాయిస్ గ్రేసీ గీ వేసుకునే గెలిచాడు. నిజమే, అప్పటికి ఎదుటివాళ్లకు ఈ విద్య పెద్దగా తెలియదు, ఇప్పుడు ఆ పప్పులుడకవు. మీ గురి ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ ఉండే పోటీ) మీదో, 1998లో అబుదాబీలో మొదలైన ఏడీసీసీ లాంటి నో-గీ పోటీల మీదో ఉంటే నా లెక్క తిరగేసుకోండి.

5. మూడు నెలలు మార్చకండి. గీ కొన్నాక చన్నీళ్లలో ఉతకండి, వేన్నీళ్లకు కుంచించుకుపోతుంది. క్లాసు అవగానే బ్యాగులోంచి తీయండి, లేకపోతే తామర మీకే కాదు, మ్యాట్ మీద అందరికీ అంటుతుంది. జులై వానల్లో గీ ఒక పట్టాన ఆరదు. తడి గీతో మాత్రం రాకండి, ఆ రోజు నో-గీకి వెళ్లండి.