ఒంటి సిలిండర్ బండి – నాలుగో పాఠం: కుదుపు ఎక్కడి నుంచి వస్తోంది?

పోయిన పాఠంలో క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కనిపెట్టమన్నాను. ఖాళీ జాగాలో, యాక్సిలరేటర్ ముట్టకుండా, ఒక్క క్లచ్‌తోనే బండిని పది అడుగులు నడిపించాలి. అది ఇంకా చేతికి రాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ఇంకో నాలుగు రోజులు అదే చేయండి. ఇవాళ్టి పనికి ఆ పట్టు కావాలి.

మా మేనల్లుడు నిరుడు స్కూటర్ అమ్మేసి 350 సీసీ బండి కొన్నాడు. గుండ్రటి హెడ్‌లైటు, పాత కాలం ట్యాంకు, చూడముచ్చటగా ఉంది. వారం తిరక్కుండా మా ఇంటికొచ్చి, "మావయ్యా, ఇది బండా, గంగిరెద్దా? బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు దాకా తలాడిస్తూనే ఉంది" అన్నాడు. అప్పటికే ఒక షెడ్డులో ప్లగ్గు మార్పించుకున్నాడు, ఇంకో షెడ్డులో ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించుకున్నాడు. కుదుపు మాత్రం తగ్గలేదు. నేను వెనక కూర్చుని ఒక రౌండు కొట్టి చూశాను. బండిలో లోపం కొంచెమే. మిగతాదంతా వాడి ఎడమ కాల్లోనూ కుడి మణికట్టులోనూ ఉంది.

ఈ బండి ఎందుకు కుదుపుతుందో తెలియాలంటే ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో కాస్త ఊహించుకోవాలి. మన గుంటూరు వైపు కారం దంపడం చూసే ఉంటారు. ఒక్క రోలు, ఒక్క రోకలి, ఒక్క మనిషి. రోకలి ఎత్తాలి, దించాలి, బలమంతా దించేటప్పుడే. అదే రోలు చుట్టూ నలుగురు నిలబడి వంతులేసుకుని దంపితే పోటు మీద పోటు పడుతూ ఉంటుంది, మధ్యలో ఖాళీయే కనిపించదు. కారులో ఉండేది ఆ నలుగురి దంపుడు. మనది ఒంటి రోకలి.

పిస్టన్ నాలుగు పనులు చేస్తుంది: గాలీ పెట్రోలూ పీల్చడం, నొక్కడం, పేల్చడం, పొగ వదలడం. బలం వచ్చేది పేలినప్పుడే. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరుగుతుంది. అంటే రెండు చుట్లకు ఒక్క పోటు. బండి స్టార్ట్ చేసి వదిలేస్తే నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరుగుతుంది అనుకోండి, పోట్లు 500. సెకనుకు ఎనిమిది. అందుకే ఆ డుగ్ డుగ్ చెవికి విడివిడిగా వినిపిస్తుంది. మనం ముచ్చటపడి కొనుక్కున్న శబ్దమే అది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే అదే వేగంలో సెకనుకు ముప్పై మూడు పోట్లు, అవి కలిసిపోయి ఒక్కటే జుమ్మనే మోత అవుతాయి.

మరి పోటుకూ పోటుకూ మధ్య బండిని లాగేదెవరు? ఫ్లైవీల్. తిరగలి రాయి గుర్తుందా? ఒకసారి గట్టిగా తిప్పితే చెయ్యి కాస్త వదిలినా ఇంకొంచెం దూరం దానంతట అదే తిరుగుతుంది. ఆ బరువే ఫ్లైవీల్ పని చేస్తుంది. అయితే తిరగలి మరీ మెల్లగా తిరుగుతుంటే చెయ్యి వదలగానే ఆగిపోతుంది. బండీ అంతే. ఇంజిన్ చుట్లు మరీ తగ్గితే ఒక పోటుకీ ఇంకో పోటుకీ నడుమ వేగం పడిపోతుంది, పోటు పడగానే మళ్లీ ఎగదంతుంది. కుదుపంటే ఇదే.

ఇక్కడ మా పెదనాన్న సంగతి చెప్పాలి. ఆయన దగ్గర పాత బుల్లెట్ ఉండేది; గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. బుల్లెట్లు 1955 నుంచి మద్రాసులో తయారవుతున్నాయి, మన పొలం దార్లకు అలవాటు పడ్డ తరం అది. పెదనాన్న సలహా ఒక్కటే: "టాప్‌లో వేసి వదిలెయ్యరా, అదే లాక్కుపోతుంది." ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ పాత 346 సీసీ ఇంజిన్‌లో ఫ్లైవీల్ బరువు ఎక్కువ, గేర్లు నాలుగే. మెల్లగా తిరుగుతూనే ఎద్దుబండిలా లాగేది. ఆ మాటనే ఇప్పటి బండికి వర్తింపజేస్తే కుదరదు. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్, క్లాసిక్ 350 ఇంజిన్లు 349 సీసీవి. అయిదు గేర్లు, 20 హార్స్ పవర్. వాటికి అసలైన లాగుడు శక్తి, 27 న్యూటన్ మీటర్లు, వచ్చేది 4,000 చుట్ల దగ్గర. దానికన్నా చాలా కింద, టాప్ గేరులో వేలాడదీస్తే అవి గునుస్తాయి. పెద్దల మాట చద్దిమూట అంటారు గానీ, ఏ బండి గురించి చెప్పారో చూసుకోవాలి.

ఇప్పుడు అసలు పాఠం. కుదుపులు మూడు రకాలు, మూడింటికీ మందు వేరు. చాలామంది ఒకదానికి మందు ఇంకోదానికి వేస్తారు, మా వాడిలాగే.

మొదటిది గేరు కుదుపు. వేగం తక్కువ, గేరు ఎక్కువ. గుంటూరు బ్రాడీపేటలో ప్రతి లైనుకీ ఒక అడ్డరోడ్డు తగులుతుంది. అక్కడ వేగం తగ్గిస్తాం, గేరు తగ్గించం. మళ్లీ రేజ్ ఇస్తే బండి కదలడానికి మొరాయిస్తుంది. సీటు కింద గుద్దినట్టు బరువైన దెబ్బలు, అద్దాలు వణుకుతాయి, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పికప్ రాదు. కొన్నిసార్లు ఇంజిన్ లోపల రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు కిటకిటమంటుంది. ఆ కిటకిట వినిపించిందా, ఆలోచించకండి, వెంటనే గేరు తగ్గించండి. పెట్రోలు తన సమయం కాకుండా పేలుతున్న శబ్దం అది. మే నెలలో బెజవాడ ఎండ 45 డిగ్రీలు చూపించే రోజుల్లో, ఇంజిన్ కాగి ఉన్నప్పుడు ఇంకా త్వరగా వస్తుంది. పిస్టన్‌కీ, క్రాంకు బేరింగుకీ మంచిది కాదు.

ఏ వేగానికి ఏ గేరు అని అడుగుతారు. అయిదు గేర్ల 350 బండికి నేను వాడే లెక్క ఇది: పదిహేను దాకా మొదటిది, ముప్పై దాకా రెండోది, నలభై అయిదు దాకా మూడోది, అరవై దాకా నాలుగోది, ఆపైనే అయిదోది. ఇది చేతిలెక్క మాత్రమే. వెనక మనిషి ఎక్కినా, కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కే దగ్గర వాలు తగిలినా ఒక గేరు కింద ఉండాల్సిందే. ఈ బండ్లలో చాలావాటికి ఇంజిన్ చుట్లు చూపించే మీటరు ఉండదు. చెవే మీటరు. పోట్లు విడివిడిగా లెక్కపెట్టగలిగితే గేరు ఎక్కువైనట్టు. పోట్లు కలిసి ఒక్క మోతగా వినిపిస్తుంటే సరిగ్గా ఉన్నట్టు.

"టాప్ గేరులో పోతే మైలేజీ కదా" అంటారు. ఇంజిన్ హాయిగా తిరుగుతున్నంతవరకూ నిజమే. గునుస్తున్నప్పుడు మాత్రం మీరు యాక్సిలరేటర్ ఇంకా ఎక్కువ తెరుస్తున్నారు. ఆ మిగులు ఏ మూలకి?

రెండోది చేతి కుదుపు. ఇది గేరుకి తిరగబడ్డ కేసు: గేరు తక్కువే, మనిషే నిలకడగా లేడు. సాయంత్రం ఆరింటికి ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లండి. కిలోమీటరుకు పైగా పొడవు, పెద్ద బండ్లు రావు గానీ స్కూటర్లు, ఆటోలు, కార్లు అన్నీ తాడేపల్లి వైపే. ముందున్న ఆటో రెండు గజాలు కదిలి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. మొదటి గేరులో మీరు యాక్సిలరేటర్ ఇస్తారు, బండి ముందుకు దూకుతుంది, భయపడి పూర్తిగా మూసేస్తారు, ముక్కు కిందికి దించుతుంది, మళ్లీ ఇస్తారు. గంగిరెద్దు ఇదే. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా మూస్తే పెట్రోలు ఆగిపోతుంది, తెరవగానే మళ్లీ తగులుకుంటుంది. ఒంటి సిలిండర్ కాబట్టి ఆ తగులుకోవడం కూడా ఒక్క గుద్దుగా వస్తుంది.

దీనికి మందు: యాక్సిలరేటర్‌ని ఒక్కచోట, వెంట్రుకంత తెరిచి, అలాగే ఉంచండి. వేగం పెంచడం తగ్గించడం ఎడమ చేతికి అప్పజెప్పండి; అంటే మూడో పాఠంలో కనిపెట్టిన పట్టు దగ్గర క్లచ్‌ని ఒక బియ్యపుగింజంత లోపలికీ బయటికీ. కుడి కాలు వెనక బ్రేకు మీద తేలిగ్గా ఆనించండి. ఇంజిన్ లాగుతుంటే బ్రేకు ఆపుతుంది, ఈ రెండిటి మధ్య బండి తాడు కట్టినట్టు నిలకడగా నడుస్తుంది. ఈ బండ్ల క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి ఆ మాత్రం జారుడుకి ఏమీ కావు. కాలిన వాసన వస్తే మాత్రం అతి చేస్తున్నట్టు. న్యూట్రల్ వేసి కాసేపు ఆగండి.

ముందు బ్రేకు మాటేమిటి? హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, నడక వేగంలో, దాన్ని ముట్టకండి. హంటర్ లాంటిది 181 కిలోలు, ఒక పక్కకి వాలడం మొదలుపెడితే కాలు ఆపలేదు. నాకు తెలుసు. ఏలూరు రోడ్డు మీద యూటర్న్ తీసుకుంటూ ముందు బ్రేకు నొక్కి, ఇడ్లీ బండి ముందు, ప్లేట్లు పట్టుకున్న పది మంది చూస్తుండగా మెల్లగా, చాలా మెల్లగా పడుకోబెట్టాను. ఇద్దరు పరుగున వచ్చి లేపారు. మూడో ఆయన చట్నీ వేయించుకోవడం మానలేదు.

మూడోది చైను కుదుపు. ఇదొక్కటే నిజంగా బండిది. యాక్సిలరేటర్ మూసినప్పుడు ఒకసారి, తెరిచినప్పుడు ఒకసారి వెనక నుంచి "టక్" మని వినిపిస్తుంది. వదులైన చైను ముందు ఆ వదులంతా లాక్కుని, తరవాత ఒక్కసారిగా చక్రాన్ని పట్టుకుంటుంది. రెండో గేరులో, ఇరవై వేగంలో, ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్‌ని మూసి తెరిచి చూడండి. ప్రతిసారీ టక్కుమంటే చైను చూడాల్సిందే.

ముందు ఒక హెచ్చరిక, దీన్ని నేను ఎన్నిసార్లయినా చెబుతాను: చైను పని ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని మొదలుపెట్టాలి. సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ నడుస్తుండగా గేరులో చక్రం తిప్పుతూ గుడ్డతో చైను తుడిచేవాళ్లను చూశాను. గుడ్డతో పాటు వేలు కూడా చైనుని తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్‌లోకి పోతుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పండి.

రెండు స్ప్రాకెట్లకీ నడుమ, కింది వరస చైనుని వేలితో పైకి తోసి, కిందికి లాగి, ఎంత కదిలిందో స్కేలుతో కొలవండి. చాలా బండ్లకి ఇది 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య. మీ బండి అంకె, ఏ స్టాండు మీద కొలవాలన్న సంగతి మాన్యువల్‌లో ఉంటాయి. ఒక్కచోట కొలిచి వదిలెయ్యకండి. చైను అంతా ఒకేలా అరగదు. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, బిగువు ఎక్కువున్న చోటి లెక్కే తీసుకోండి. బిగించాలంటే వెనక యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు పక్కలా ఉన్న అడ్జస్టర్లను సమానంగా తిప్పాలి. రెండు వైపులా గీతలు ఒకే అంకె చూపించాలి. లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది. నట్టు తిరిగి బిగించడానికి టార్క్ రెంచి (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) కావాలి కాబట్టి, మొదటిసారి ఆటోనగర్‌లో మీకు నమ్మకమున్న షెడ్డులో పక్కన నిలబడి చేయించుకోవడమే నయం.

పక్కన నిలబడమని ఊరికే అనలేదు. మా వాడి చైనుని ఒకాయన వీణ తీగలా బిగించి పంపాడు. టక్కు పోయింది, నెల తిరక్కుండా కొత్తగా ఒక కూత మొదలైంది. మనిషి కూర్చుని, గుంతలో చక్రం పైకి లేచినప్పుడు చైను ఇంకా బిగుస్తుంది. అందుకే ఆ కాస్త వదులు ఉంచేది. ఆ వదులు లేకపోతే భారమంతా బేరింగుల మీద పడుతుంది. వదులు చైను చప్పుడు చేసి చెబుతుంది. బిగువు చైను చెప్పకుండా తినేస్తుంది.

శుభ్రం చేయడం తేలికే. కిరోసిన్, మెత్తటి బ్రష్షు, పాత బనీను గుడ్డ. పెట్రోలు వద్దు, చైను లింకుల మధ్య ఉండే రబ్బరు రింగుల్ని పాడు చేస్తుంది. తుడిచి ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ గానీ చైన్ స్ప్రే గానీ లోపలి వైపు పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున పైపైన తుడిచేయండి. అయిదొందల కిలోమీటర్లకోసారి చాలు. ఉండవల్లి కరకట్ట మీదుగా దుమ్ములో రోజూ తిరిగేవాళ్లు, వానలో తడిసినవాళ్లు ఇంకా ముందే చేయాలి.

ఈ వారం అభ్యాసం. ఆదివారం పొద్దున ఆరింటికి అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు లాంటి వెడల్పాటి రోడ్డు మీదికి వెళ్లండి. నిర్మాణం లారీలుంటాయి, అద్దాలు చూసుకుంటూ ఎడమ పక్కనే ఉండండి. మూడో గేరులో నలభై నుంచి యాక్సిలరేటర్ మెల్లగా తగ్గిస్తూ రండి. పోట్లు విడిపోవడం ఎక్కడ మొదలైందో ఆ వేగం గుర్తుపెట్టుకోండి. రెండులోకి దించి చూడండి, అదే వేగంలో మోత కలిసిపోతుంది. నాలుగో గేరుకీ ఇలాగే. ఇంటికొచ్చి ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి. నేనిచ్చిన లెక్క చింపేసి మీ బండి లెక్క వాడుకోండి. ఆ తరవాత, వారం మధ్యలో ఒక సాయంత్రం, బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు కాలు కింద పెట్టకుండా ఎంత దూరం పోగలరో చూడండి. మా వాడు మొదటి రోజు పదకొండు సార్లు పెట్టాడు. రెండో వారానికి మూడు.

మీకో చిక్కు ప్రశ్న: నలభై వేగంలో, మూడో గేరులో, వాలు ఎక్కుతున్నారు. బండి కుదుపుతోంది, టక్కు శబ్దం లేదు, మీ చెయ్యి నిలకడగా ఉంది. రెండోలోకి దించారు, కుదుపు తగ్గలేదు. ఇప్పుడేం చేస్తారు? జవాబు: ఇది ఈ పాఠంలోని మూడు కుదుపుల్లో ఏదీ కాదు. పెట్రోలు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ చూపించుకోవాల్సింది ఇప్పుడు.

వచ్చే పాఠం బ్రేకుల మీద, తడి రోడ్డు మీద. దానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు ముందూ వెనకా గాలి ఎంతుందో కొలిపించి ఆ రెండు అంకెలూ ఇదే కాగితం మీద రాసి ఉంచండి.